పూరేడు పిట్ట యింటికి వచ్చిన కథ

బరేలీ పట్టణపు అంగళ్లలో కోడిగ్రుడ్ల అట్టల ప్రక్కన ఈ మధ్యకాలమున మరియొక చిన్న అట్ట కనిపించుచున్నది. దానిలోని గ్రుడ్డు పెద్ద ఉసిరికాయంత యుండును. తెల్లని పెంకుపై ఎవరో కలము విదల్చినట్లు నల్లని మచ్చలు, గోధుమవన్నె మచ్చలు. ఒకనాడు ఒక వృద్ధుడు ఆ గ్రుడ్డు నొకదానిని చేత పట్టుకొని, "ఇవి ఏ యడవి నుండి తెచ్చితివి నాయనా?" అని అంగడి కుర్రవాని నడిగెను. "అడవి యెక్కడిది తాతా! మా మేడమీద పెట్టినవే" అని వాడు నవ్వెను. వృద్ధుడు నమ్మక గ్రుడ్డును మరల అట్టలో నుంచి వెడలిపోయెను.

ఆ యిద్దరిలో ఎవరిదియు తప్పు కాదు. వృద్ధుని బాల్యమున బటేరు అనగా, అనగా మన పూరేడు పిట్ట, శీతకాలమున గోధుమచేలలో వలకు చిక్కునది. దాని మాంసపు రుచి నెరిగినవారు అనేకులు. గ్రుడ్డును కంట చూచినవారు లేరు. కుర్రవానికో, పూరేడనగా తీగెల గూటిలో పెరిగి ఐదు వారములకు అమ్ముడుపోవునది. ఈ దేశప్రజలు రెండు వేల యేండ్లకు పైగా పూరేడును పిడికిట పట్టుకొనియే యుండిరి. కాని దానిని తమ యింట పుట్టింపలేదు. తీరా ఇంటిలో పుట్టు పూరేడు వచ్చునప్పటికి అది మన పూరేడు కాకపోయెను. ఈ చిత్రమైన సంగతిని కొంత విచారింపవలెనని నా కోరిక.

ముందుగా పేర్ల చిక్కు నొకదానిని విప్పుకొనవలెను. బటేర్ అనునది ఒక్క పిట్ట పేరు కాదు. మధ్య ఆసియా దేశముల నుండి చలికాలమున వచ్చిపోవు పిట్టను మా ప్రాంతమువారు ఘాగస్ బటేర్ అందురు. వానకాలమున గడ్డి పెరిగిన చోటులందు కూయు మరియొకటి చినగ్ బటేర్. దాని పుంజునకు రొమ్ముపై నల్లని మచ్చ యుండును. శాస్త్రజ్ఞులు దీనికి కోరమాండల్ తీరపు పేరు పెట్టిరి గావున తెలుగువారికి ఇది దూరపు చుట్టము కాదు. మూడవది మెట్ట పొదలలో గుంపులుగా తిరుగు లవ్వా. సంస్కృతమున లావము, తెలుగున లావుక, హిందీలో లవ్వా: ఈ మూడును ఒకే మాట. తమిళులు పూరేడును కాడై అందురు. బంగాళీలు పూర్వము బటేర్ అన్నదానినే నేడు కోయెల్ అనుచున్నారు; అది ఇంగ్లీషు మాట వంగనోట పడి మారిన రూపము. ఢాకా నగరమున కోయెల్ గ్రుడ్లు అమ్మబడునని విని మన కవులు ఉలికిపడనక్కరలేదు. తెలుగు సంతలలో ఇప్పుడీ కొత్త పిట్టను కౌజు పిట్ట యని పిలుచుచున్నారు. నిజమునకు పాత నిఘంటువులలో కౌజు అనగా తిత్తిరి జాతి పక్షి. కొత్త వస్తువు వచ్చినప్పుడు ప్రజలు పాత పేర్ల పెట్టె తెరచి చేతికందినదానిని తగిలింతురు.

మన వాఙ్మయమున ఈ పక్షి ప్రవేశించినదే ఒకరి నోటి నుండి బయటపడుచు. ఋగ్వేదమున అశ్వినీదేవతల ఉపకారములను ఏకరువు పెట్టునప్పుడు, తోడేలు నోట చిక్కిన వర్తికను వారు విడిపించిరను మాట పలుమార్లు వచ్చును. వర్తిక యనగా పూరేడు. వర్తిక అనగా ఉషస్సనియు, తోడేలు సూర్యుడనియు నిరుక్తకారులు వ్యాఖ్యానము చెప్పిరి. కానిమ్ము, ఆ పోలిక చెప్పిన ఋషి పూరేడును ఎరిగినవాడు, అది నేలపై గూడు కట్టుకొను పిట్ట యనియు, నక్క, తోడేలు మొదలైనవానికి అది సులభముగా దొరకుననియు చూచినవాడు. ఆ తరువాత వైద్యులు వచ్చిరి. చరకసంహితలో ఏయే వర్గమున ఏది శ్రేష్ఠమో చెప్పుచు, మృగమాంసములలో ఏణమును, పక్షిమాంసములలో లావమును పేర్కొనిరి. జ్వరము తగ్గి నీరసించినవానికి లావమాంసపు రసము హితమని వైద్యులు చెప్పుచు వచ్చిరి. ఇప్పటికిని పల్లెలలో పూరేడు మాంసము వేడియనియు, పత్యమనియు పెద్దలు తర్కించుకొనుట ఆ శాస్త్రపు చివరి ప్రతిధ్వనియే.

కాని చరిత్రకారునకు వేదము కంటెను వైద్యము కంటెను ఎక్కువ పనికివచ్చునవి జాతకకథలు. వానిలో పూరేడు పిట్టలు అనేకము కలవు. దావానలము ముంచుకొని వచ్చుచుండగా రెక్కలు రాని పూరేడు పిల్ల సత్యక్రియ చేసి మంటను వెనుకకు మరల్చిన కథ అందరికి తెలిసినదే. పూరేళ్లన్నియు ఒక్కుమ్మడిగా వలను ఎత్తుకొనిపోయి ముండ్లపొదపై వేసి, కొన్నాళ్లకు తమలో తాము తగవులాడి చిక్కిన కథయు అట్టిదే. ఈ రెండవ కథలో నీతిని ప్రక్కన పెట్టి బోయవాని చేతిపని చూడుడు. అతడు పూరేడు కూతను అనుకరించి కూయును, పిట్టలు గుమిగూడును, అప్పుడు వల విసరును. మా రోహిల్‌ఖండ్ పల్లెలలో పిట్టలవాండ్రు నిన్నమొన్నటి వరకు చేసినది ఇదియే. వారు దీమపు పిట్టలను కూడ ఉపయోగించుచుండిరి. వల్లె గుడ్డ కప్పిన చిన్న పంజరములలో మగ పూరేళ్లను పెట్టి, పొలము నడుమ వాసములకు వ్రేలగట్టుదురు. అవి రాత్రియెల్ల కూయును. ఆకాశమున పోవు వలసపిట్టలు ఆ కూత విని దిగును. తెల్లవారునప్పటికి వల సిద్ధము.

ఇంకొక జాతకము, వట్టక జాతకమను పేరిటనే కలది, నా ప్రస్తుత విషయమునకు మిక్కిలి ముఖ్యమైనది. అందులోని బోయ పూరేళ్లను పట్టి వెంటనే చంపడు. ఇంటికి తెచ్చి, పంజరమున ఉంచి, మేపి, క్రొవ్వినవానిని కొనువారికి అమ్ముచుండును. బోధిసత్త్వుడు పూరేడై ఆ పంజరమున నుండి, తినినచో అమ్ముడుపోదునని గ్రహించి, తిండి నీరు మానివేసెను. మిగిలినవి బలియుచుండ ఇది చిక్కి శల్యమయ్యెను. దీనికేమి రోగమో చూతమని బోయ దానిని బయటికి తీసి అరచేత పరుండబెట్టుకొన్న క్షణమున అది రెక్కలు విప్పి ఎగిరిపోయెను. మాంసము కొరకు ఇంట పూరేళ్లను సాకు వృత్తి ఈ దేశమున అంత ప్రాచీనము! గంపలు, నూకలు, నీటి చిప్ప, కొనుటకు వచ్చి రొమ్ము నొక్కి చూచు గృహస్థు: అన్నియు ఆ కథలోనే కలవు. ఒక్కటి మాత్రము లేదు. ఆ గంపలో ఒక పెట్ట గ్రుడ్డు పెట్టెననియు, పిల్లలయ్యెననియు ఆ కథకుడు చెప్పలేదు. చెప్పవలెనన్న ఊహయే అతనికి కలుగలేదు.

సాకుట వేరు, పుట్టించుట వేరు. ఈ భేదమును మనస్సున ఉంచుకొని తరువాతి శతాబ్దములను చూచినచో ఆశ్చర్యము కలుగును. వాత్స్యాయనుడు నాగరకుడు నేర్వవలసిన అరువదినాలుగు కళలలో పొట్టేళ్ల, కోళ్ల, లావుకల పోరాటమును చేర్చెను. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమును వ్రాయుచు రాజవినోదములలో లావుకల వినోదమునకు ఒక స్థానమిచ్చెను. కాకతీయులు ఆనాడు ఆ చాళుక్యుల సామంతులు గదా. తెలంగాణపు మెట్టలలోని లావుకలును ఆ రాజవినోదమునకు పోయి యుండవచ్చును. బాబరు తన స్వీయచరిత్రలో హిందూస్థానపు పక్షులను వర్ణించుచు, పూరేడు ఈ దేశమునకే ప్రత్యేకము కాకపోయినను దానిలో నాలుగైదు రకములు ఇక్కడివే యని వ్రాసెను. ఆయన వాడిన మాట బూదనా. కాబూలు నగరమున పందెపు పూరేడును ఇప్పటికిని ఆ పేరుతోనే పిలుతురు. అక్కడి పురుషుడు దానిని అంగరఖా చేతిలో దాచుకొని అంగడికి పోవుట విదేశీయులు ఫొటోలు తీసిన దృశ్యము.

అయితే పూరేడును చేతబట్టు విద్యకు పరాకాష్ఠ లక్నో. నవాబుల లక్నో చివరి దినముల ముచ్చట్లను అబ్దుల్ హలీమ్ షరర్ ఈ శతాబ్దికి ముందటి శతాబ్ది రెండవ దశకమున తన పత్రికలో వరుసగా ప్రకటించెను. అవి గుజిష్తా లక్నో యను గ్రంథమైనవి. అందులో ఆయన పావురముల నుండి గాలిపటముల వరకు అన్ని వినోదములను గూర్చి వ్రాయుచు బటేర్‌బాజీకి మంచి చోటే యిచ్చెను. అడవి నుండి వచ్చిన పిట్టకు మొట్టమొదట భయము పోగొట్టవలెను. దానికి మూఠ్ చేయుట యని పేరు, అనగా పిడికిలి. పిట్టను తడిపి, గంటల తరబడి పిడికిట నుంచి, వ్రేళ్లతో నిమురుచు, ముక్కు మాత్రము బయటికి కనబడునట్లు పట్టుకొని కూర్చుండవలెను. ఆకలి పెట్టి బిగువు తగ్గించవలెను. పిదప కూకుట: అర్ధరాత్రి దాటిన తరువాత దాని చెవి దగ్గర నోరు పెట్టి కూ యని అరచుట. ఇట్లు కొన్ని రాత్రులు గడచినచో దాని క్రొవ్వును బెదురును పోయి, దేహము గట్టిపడి, ఎదుటిదానిపై దూకు రోషము పుట్టును.

ఇట్టి శ్రద్ధను చూచి నవ్వుటయో అసహ్యించుకొనుటయో సులభము. నేను రెండును చేసితిని. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ఈ పోరాటములను నిషేధించుట న్యాయమే. అయినను ఒక మాట చెప్పవలసియున్నది. నూరు గ్రాముల బరువైనను లేని ప్రాణిని ఒక మనుష్యుడు నెలల తరబడి తన అరచేతి వేడిమిలో ఉంచుకొనుట, దాని రెట్ట రంగు చూచి రోగము చెప్పుట, ఈక ఊడుకాలమున దానిని మాటున దాచి కాపాడుట: పిట్టను గూర్చి ఇంత తెలిసినవారు మరల రాలేదు. అన్నియు తెలిసియు వారు దానిని పెంపుడు జంతువుగా చేయలేదు. ఎందుచేత?

కారణము లేకపోలేదు. పందెమునకు కావలసినది మగపిట్ట. గంపనిండ మగపిట్టలే యున్న ఇంట సంతానమెక్కడిది? మాంసమునకు కావలసినది బరువు. దానిని గోధుమచేను ఉచితముగా ఇచ్చుచుండెను. ఏటేట ఆశ్వయుజ కార్తికములలో ఆకాశము నుండి రాలునదానిని ఎవడు పొదిగించును? ముసల్మానులు ఇజ్రాయేలు సంతతికి దేవుడు దింపిన ఆహారమును మన్న్-ఓ-సల్వా అందురు. సల్వా యనగా పూరేడే. అడుగకయే దొరకు విందునకు ఉర్దూలో నేటికిని అదే పేరు. గుడ్డివాని చేత పూరేడు పడినట్లు అను సామెత మా వైపు ప్రతి ఇల్లాలి నోటను వినవచ్చును. సామెతలలో కూడ పూరేడు అదృష్టవశమున దొరకునదే గాని కష్టపడి పెంచునది కాదు. అడవి పిట్టయు ఇందుకు సహకరింపదు. ఇరుకు గూటిలో బెదరి నిట్టనిలువున ఎగిరి తల పగులగొట్టుకొనును. నేలపై గడ్డిదుబ్బు మాటు లేనిదే గ్రుడ్డు పెట్టినను పొదుగదు.

ఆకాశము నుండి రాలునది తరుగదను నమ్మకము మరియొక విధముగా కూడ మనకు నష్టము తెచ్చినది. బరేలీ నుండి ఉత్తరముగా కొండలెక్కినచో నైనీతాల్. ఆ కొండలలోను, ముస్సోరీ పరిసరములలోను ఒక ప్రత్యేకమైన పూరేడు జాతి యుండెను. శాస్త్రలోకమునకు అది 1846లో తెలిసినది. ముక్కు ఎఱ్ఱన, కంటి దగ్గర తెల్లని బొట్లు, ఎత్తైన గడ్డిలో దాగి కాలిక్రింద పడువరకు లేవని స్వభావము. తుపాకులవారు ఇంచుమించు డజను పిట్టలను కొట్టిరి. చివరిది 1876లో నైనీతాల్ సమీపమున కొట్టినది. ఆ తరువాత నేటివరకు నిస్సందేహముగా దానిని చూచినవారు లేరు. తరువాతి కాలమున కాంగ్రెసు స్థాపకులలో ఒకడైన హ్యూము, మార్షలుతో కలిసి 1879 - 1881 నడుమ భారతదేశపు వేటపక్షులను గూర్చి మూడు సంపుటములు ప్రకటించెను. ఆ కొండపూరేడును గూర్చి ఆ గ్రంథమున ఉన్నది కొద్ది. పూరేడు తానే లేకపోయెను. మ్యూజియముల బల్లలలో దూది కుక్కిన చర్మములు మాత్రము మిగిలినవి.

ఇప్పుడు కథ జపానునకు పోవలెను. అచ్చటి వలసపూరేడు మన ఘాగసునకు దగ్గరి బంధువే, కాని వేరు జాతి. జపానీయులు దానిని ఉజురా అందురు. సుమారు 12వ శతాబ్ది నుండి వారు దానిని ఇంట ఉంచుకొనుచు వచ్చిరి. మనవారు పోరాటము కొరకు ఉంచుకొనగా వారు కూత కొరకు ఉంచుకొనిరి. తోకుగావా ప్రభువుల కాలమున సమురాయి వీరులు పూరేళ్ల కూతల పోటీలు జరిపిరి. మంచి గొంతు గలదాని సంతతియు మంచి గొంతు గలదిగా నుండునను ఆశతో వారు జతలు కట్టి పిల్లలను తీసిరి. లక్నోకును జపానునకును ఉన్న భేదమంతయు ఇక్కడనే యున్నదని నా తలంపు. పోరాటపు పిట్ట ఒక ఋతువు గెలిచినచో చాలును. పాట మాత్రము కొడుకునకు రావలెనని ఎవడైనను కోరుకొనును. 20వ శతాబ్ది మొదటి దశకములు వచ్చునప్పటికి జపానులో పాట వెనుకబడి గ్రుడ్డు ముందునకు వచ్చెను. తరుచుగా గ్రుడ్లు పెట్టువానినే ఏరి ఏరి పెంచిరి. రెండవ ప్రపంచయుద్ధమున మేతలేక ఆ మందలు దాదాపు నశించినవి. పాటపిట్టల వంశములు పూర్తిగా పోయినవి. మిగిలిన కొద్దిపాటి గ్రుడ్ల పిట్టలతోను, పొరుగు దేశముల నుండి తెచ్చినవానితోను యుద్ధానంతరము మరల మందలు నిలిపిరి. ప్రపంచమున నేడు ఇండ్లలోను శాలలలోను పెరుగు పూరేళ్లలో అత్యధిక భాగము ఆ సంతతియే. పాడుటకై ఇల్లు చేరిన పిట్ట పాటను పోగొట్టుకొని గ్రుడ్డుతో మిగిలెను.

ఆ పిట్ట మన దేశమునకు నేరుగా జపాను నుండి రాలేదు. అమెరికాలోని కాలిఫోర్నియా నుండి 1974లో వచ్చినది. వచ్చి దిగిన చోటు బరేలీ ప్రక్కనున్న ఇజ్జత్‌నగర్. భారత పశువైద్య పరిశోధన సంస్థ ఆవరణము. అచ్చటి కోళ్ల విభాగము 1979లో కేంద్ర పక్షి పరిశోధన సంస్థయై వేరుపడెను. ఒక ప్రక్క లక్నో, ఒక ప్రక్క నైనీతాల్, నడుమ ఇజ్జత్‌నగర్. పోరాడిన పూరేడు, అంతరించిన పూరేడు, అరువు వచ్చిన పూరేడు: ఈ మూడును రెండు దినముల రైలు ప్రయాణములోనే కలవు. ఇజ్జత్‌నగర్ పండితులు ఆ పిట్టను మన యెండలకు అలవాటు చేసి, ఏరి, ఉజ్జ్వల, శ్వేత మొదలైన పేర్లతో కొన్ని వంశములు తీసిరి. తమిళనాట నందనము, నామక్కల్ పేర్లతో మరికొన్ని వచ్చినవి. అక్కడి నుండి ఆంధ్ర, తెలంగాణ, కేరళ, మహారాష్ట్ర పల్లెలకు అది ప్రాకినది.

దాని త్వర చూచినచో తల తిరుగును. గ్రుడ్డు పదునేడవ దినమున, లేదా దాని కటునిటుగా పగులును. బయటపడిన పిల్ల బరువు ఏడెనిమిది గ్రాములు. గోధుమ చారల తుమ్మెద వలె నుండును. మూడు వారములకు రొమ్ము ఈకలు చూచి ఆడ మగ చెప్పవచ్చును: మగదానికి దాల్చినచెక్క వన్నె, ఆడదానికి చుక్కలు. ఐదు వారములకు కోతకు సిద్ధము. ఆరేడు వారములకు పెట్ట గ్రుడ్డు మొదలుపెట్టును. మంచి మేత, దినమునకు పదునాలుగు పదునారు గంటల వెలుతురు ఉన్నచో ఏడాదికి రెండువందల యేబది గ్రుడ్ల దాక పెట్టును. కోడి తెల్లవారి పెట్టగా ఇది సామాన్యముగా మధ్యాహ్నము తిరిగిన పిమ్మట పెట్టును. సాయంకాలము బడి నుండి వచ్చిన పిల్లలే గ్రుడ్లు ఏరుదురు. ఒక కోడి నిలుచు చోట ఎనిమిది పూరేళ్లు నిలుచును.

ఒక శీతకాలమున నేనును ఇరువదినాలుగు పిల్లలను కొని తెచ్చి మేడమీది గదిలో పెంచితిని. చరిత్ర వ్రాయువాడు చేతులు మలినము చేసుకొనవలెనను గర్వము కొంత యుండెను. మొదటి రాత్రియే ఏడు చచ్చినవి. నీటి మూకుడులో గులకరాళ్లు వేయవలెనని నాకు చెప్పియుండిరి. మూకుడు లోతు లేనిదే గదా యని నేను వేయలేదు. ఎనిమిది గ్రాముల ప్రాణికి అరంగుళము నీరును మడుగే. తడిసి, చలికి బిగుసుకొని, అన్నియు మూకుడు చుట్టును పడియుండెను. ఆ పిమ్మట రాళ్లు వేసితిని, ఊకపై గోనెగుడ్డ పరచితిని, దీపము క్రిందికి దించితిని. మొదటి వారము గూటిలో 35 డిగ్రీలకు తగ్గని వేడి యుండవలెను. తరువాత వారమువారము కొంచెముగా తగ్గింపవలెను. వేడి సరిగ నున్నదో లేదో తెలిసికొనుటకు యంత్రము అక్కరలేదు. పిల్లలు దీపము క్రింద కుప్పపడినచో చలి. గోడలకు అంటుకొని నోళ్లు తెరచినచో ఉడుకు. విడివిడిగా తిరిగినచో క్షేమము. మిగిలిన పదునేడింటిలో పదునారు పెద్దవైనవి. మేతయందు మాంసకృత్తు అధికముగా నుండవలెను గనుక మొక్కజొన్న నూకతో పాటు వేరుసెనగ చెక్క, ఎండుచేపల పొడి కలుపుచుంటిని. ఆ వాసనకు ఇంటివారు నాతో కొన్నాళ్లు మాటలాడలేదు.

గ్రుడ్లమ్మువారు దీనికి సర్వరోగహర గుణము అంటగట్టుచున్నారు. నేను లెక్క చూచితిని. పూరేడు గ్రుడ్డు పది పండ్రెండు గ్రాములు. ఐదు కలిసినచో ఒక కోడిగ్రుడ్డు. లోపలి సారము ఇంచుమించు అదియే. పండ్రెండు పెట్టలు దినమునకు మూడువందల గ్రాముల దాణా తిని పది గ్రుడ్లు ఇచ్చినవి, అనగా రెండు కోడిగ్రుడ్లకు సమానము. ఆ రెండింటిని రెండు కోళ్లు అంతకంటె తక్కువ మేతతోనే ఇచ్చును. కావున దీని లాభము మేతలో లేదు. చోటులోను, త్వరలోను కలదు. కోడిని పెట్టుకొనుటకు పెరడు లేని పట్టణపు ఇంటికి, ఏడాది ఆగుటకు పెట్టుబడి లేని పేదకు అది చిన్న లాభము కాదు. ఏ రోగమును రాదను మాటయు నమ్మదగినది కాదు. ప్రేగుల పుండు జబ్బునకు పశువైద్యులు పూరేడు రోగమనియే పేరు పెట్టియున్నారు.

అన్నిటికంటె నన్ను కలత పెట్టిన సంగతి వేరు. ఈ పిట్ట గ్రుడ్డు పెట్టును గాని పొదుగదు. ఎక్కువ గ్రుడ్లు పెట్టుదానిని ఏరుట యనగా పొదుగుటకు కూర్చుండనిదానిని ఏరుటయే గదా. తరతరములుగా అట్లు ఏరగా ఏరగా పొదుగు బుద్ధి దానినుండి దాదాపు జారిపోయినది. నడచుచు నడచుచు గ్రుడ్డును ఊకపై వదలి, వెనుదిరిగి చూడకయే మేతకు పోవును. కనుక యంత్రమున్నచోటనే దానికి సంతతి. ఇంట పెంచు స్త్రీ తన కోడి పిల్లలను తానే పెంచుకొనగలదు, పొరుగింటికి ఒక పెట్టను ఈయగలదు, కూతురు అత్తవారింటికి పోవునప్పుడు గంపలో పెట్టి పంపగలదు. పూరేళ్ల విషయమున ప్రతి రెండు మూడు నెలలకును పిల్లలమ్ము శాల వాకిటికి పోవలసినదే. నాటుకోడి క్రింద పెట్టి చూచినవారు కలరు. ఓపికగల చిన్న కోడియైనచో పిల్లలగును, బరువైన కోడియైనచో సగము పెంకులు నలుగును. జాతకములోని బోయ అడవికి పోయెడివాడు. నేటి గృహిణి యంత్రశాలకు పోవుచున్నది. ఇరువురి ఇంటను పూరేడు పుట్టుట లేదు. దీనిని ఇంటి పరిశ్రమ యనుటలో ఎంతవరకు ఇల్లు ఉన్నదో, ఎంతవరకు శాల ఉన్నదో ప్రోత్సహించువారు ముందుగా చెప్పవలెనని నా మనవి.

చట్టము నడచిన దారియు ఈ చిక్కునే చూపును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవి పూరేళ్లను పట్టుటను, చంపుటను నిషేధించెను. జపాను పూరేడు చూపునకు అడవి ఘాగసును పోలియుండును. గంపలో ఉన్నది ఏదియో తనిఖీదారు చెప్పలేడు. పెంపుడు పిట్టల పేర అడవి పిట్టలు అమ్ముడుపోవుననునది నిజమైన భయమే. అందుచేత చాలకాలము పెంపకమునకు అనుమతిపత్రము కావలసివచ్చెను. 2011లో కేంద్ర పర్యావరణ శాఖ కొత్త అనుమతులు ఈయవద్దని రాష్ట్రములకు వ్రాసెను. అప్పటికే గూళ్లు కట్టుకొన్న చిన్న రైతులు దిక్కుతోచక యుండిరి. కొన్నేండ్లకు ఆ అడ్డు తొలగెను. కాని వల విసరి బ్రతికిన బహేలియాలు, మీర్‌షికారులు, దక్కనులోని పారధీలు ఎక్కడికి పోవలెనో ఏ ఉత్తరువును చెప్పలేదు. వలసపక్షుల కాళ్లకు ఉంగరములు తొడుగు కార్యమున బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ బీహారు మీర్‌షికారుల నేర్పును వినియోగించుకొనెను. పిట్టకు ఈకయైనను నలుగకుండ పట్టుట వారికే తెలియును. ఆ పని దొరకినది కొందరికే. పూరేడు పెంపకపు శిక్షణలకు పిలువబడినవారు ఎక్కువమంది అంతకుముందు పూరేడును ఎన్నడును చేత పట్టనివారు. చేత పట్టుటయే వంశవృత్తిగా గలవారు వాకిటి బయట నిలిచిరి.

మాఘమాసము చివర, నా పదునారు పిట్టలలో ఒక పెట్ట గూటి మూలకు ఎండుగడ్డి పోచలు లాగుకొనుట చూచితిని. పనిపిల్ల ఊడ్చుటకు పోగా నేను వలదంటిని. మరునాడు అది మూడు గ్రుడ్లపై, రెక్కలు కొంచెము విప్పి, కండ్లు సగము మూసి కూర్చుండియుండెను. మగపిట్టలు చుట్టును తిరిగి కూసినను లేవలేదు. ఆ రాత్రి దీపము ఆర్పి, ఇతర పిట్టలను వేరు గంపలో వేసి, దాని ఎదుట నీరు మేత పెట్టితిని. రెండవ దినమును కూర్చున్నది. మూడవ నాటి ఉదయమున నేను పోవునప్పటికి మేత దగ్గర నిలిచి గింజలు ఏరుకొనుచున్నది. గ్రుడ్లను తాకి చూచితిని, చల్లబడియుండెను.